సీసం సీసాకే అంటుకుంటుంది

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నా పుట్టిల్లు వినుకొండ అవతల, ఎప్పుడో మూతపడిన సీసపు గనికి రెండు మైళ్ల దూరంలో ఉన్న పల్లె. నాన్నకు డెబ్బై నాలుగు, అమ్మకు డెబ్బై. ఇంట్లో రెండు వందల అడుగుల బోరు ఉంది. పంచాయతీ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది కానీ, బ్లీచింగ్ వాసనని నాన్న ఆ నీళ్లు నోట పోసుకోరు. మా అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. మూడేళ్ల బాబును తీసుకుని వేసవిలో నెల రోజులు తాతయ్య దగ్గర ఉంటానంటోంది. ఈలోగా ఫిల్టర్లు అమ్మే కుర్రాడొకడు ఆ ఇంటికి వచ్చి, బోరు నీళ్లలో మీటరు ముంచి 860 చూపించాడట. "గనుల నీళ్లండీ, సీసం ఉంటుంది, విషమే" అని ఇరవై రెండు వేల మెషిను అంటగట్టబోయాడట. నేనూ ఒక మీటరు కొన్నాను. గుంటూరులో మేం తాగే క్యాను నీళ్లకు అది 45 చూపించింది. మా అల్లుడు ఆ ఊరు వెళ్లినప్పుడల్లా రెండు రోజులు కడుపు కదులుతుంది. అది సీసం వల్లేనా? నాన్నేమో "నలభై ఏళ్లుగా తాగుతున్నాం, మాకేమైంది?" అంటారు. మెషిను కొనమంటారా? అమ్మాయిని పంపొద్దంటారా? అమ్మానాన్నలనే ఇక్కడికి తెచ్చేసుకోమంటారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం: అమ్మా, ముందు ఆ మీటరును డ్రాయరులో పెట్టేయండి. ఆ కుర్రాడు అబద్ధమాడాడని అనను. కానీ అతని చేతిలోని మీటరుకూ, అతని నోట్లోంచి వచ్చిన సీసం మాటకూ ఏ సంబంధమూ లేదు.

ఆ మీటరు చేసే పని ఒక్కటే. నీళ్లలోకి కాస్త కరెంటు పంపి, అది ఎంత సులువుగా పారుతోందో చూస్తుంది. ఉప్పులు ఎక్కువుంటే కరెంటు బాగా పారుతుంది. దాన్నిబట్టి లీటరులో ఇన్ని మిల్లీగ్రాముల లవణాలు ఉండొచ్చని లెక్క కట్టి అంకె చూపిస్తుంది. మీ బోరులో 860 అంటే ఎక్కువ భాగం కాల్షియం, మెగ్నీషియం, సోడియం, వాటితో జతకట్టిన బైకార్బొనేట్, సల్ఫేట్, క్లోరైడ్. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఇది 500 లోపు ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకోవచ్చు. అదే ప్రమాణంలో సీసానికి హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. రూపాయల్లో చెప్తాను. మీ నీళ్లలో 860 రూపాయలు ఉన్నాయనుకోండి, సీసం హద్దు ఒక్క పైసా. సీసం హద్దుకు పది రెట్లు ఉన్నా పది పైసలే. మీ మీటరు రూపాయలనే సరిగ్గా లెక్కపెట్టలేదు. పొద్దున ఒక అంకె, ఎండెక్కాక ఒక అంకె చూపిస్తుంది. పైసలు దాని కంటికి ఆనవు.

క్యాను నీళ్ల 45 కూడా అంతే. ఉప్పులు తీసేశారని తెలిసింది, అంతకు మించి ఏమీ తెలియలేదు. ఆ క్యాను కడిగారో లేదో, అందులో సూక్ష్మజీవులు ఉన్నాయో లేవో మీటరు చెప్పదు. 2018 మార్చిలో మన గుంటూరు పాత పేటల్లో తాగునీళ్లలో మురుగు కలిసి, అతిసారంతో ప్రాణాలు పోయాయి. ఆ నీళ్లలో ఈ మీటరు ముంచినా ఎవరికీ అనుమానం వచ్చే అంకె కనపడేది కాదు.

ఇక మీ ఉత్తరంలో నా కన్ను పడ్డది సీసం మీద కాదు, మీ అల్లుడి కడుపు మీద. సీసం ఒంట్లో చేరితే కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తుంది, మలబద్ధకం వస్తుంది. విరేచనాలు దాని స్వభావం కాదు. కాబట్టి అల్లుడి విషయంలో సీసాన్ని అనుమానించకండి. కానీ ఆ కడుపు కదలడానికీ గనికీ వేరే దారిలో చుట్టరికం ఉండొచ్చు. ఇది కాస్త నిదానంగా చెప్పాల్సిన కథ.

మీ పుట్టింటి వైపు, పాత గుంటూరు జిల్లాలో అగ్నిగుండాల, బండ్లమోటు ప్రాంతంలో సీసం, రాగి ఖనిజాలున్న సంగతి ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. 2022లో జిల్లాలు విడదీశాక అది పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. అక్కడ సీసం గెలీనా అనే ఖనిజంగా ఉంటుంది, అంటే సీసం, గంధకం కలిసిన బరువైన మెరుపు రాయి. ఇలాంటి ఖనిజాల పక్కనే సాధారణంగా పైరైట్ ఉంటుంది, ఇనుము, గంధకం కలిసినది. భూమి లోపల, గాలి తగలని చోట ఇవి వేల ఏళ్లు కదలకుండా పడుకుంటాయి. గని తవ్వి బయట పోశాక, లోపల సొరంగాలు తెరిచాక, గాలీ నీళ్లూ రెండూ తగులుతాయి. అప్పుడు పైరైట్‌లోని గంధకం సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. చాలా దేశాల్లో పాత గనుల దగ్గర వాగులు ఎర్రగా, పుల్లగా పారేది ఇందుకే. ఆ పుల్లని నీళ్లు దారిలో తగిలిన లోహాన్నల్లా కరిగించుకుని పోతాయి.

కానీ మీ ఊరి వైపు ఒక మేలు ఉంది. అక్కడ సీసం ఉన్న రాయి డోలమైట్, సున్నపురాయికి దగ్గరి చుట్టం. కడుపులో పులుపు ఎక్కువైతే మనం మాత్ర చప్పరించినట్టు, ఈ రాయి ఆమ్లాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. చంపేశాక ఏం మిగులుతుంది? డోలమైట్‌లో ఉన్నది కాల్షియం, మెగ్నీషియం. ఆమ్లం నుంచి వచ్చింది సల్ఫేట్. రెండూ కలిస్తే ఒకటి జిప్సం, రెండోది మెగ్నీషియం సల్ఫేట్. ఈ రెండోదాన్ని మన ఇళ్లలో భేది ఉప్పు అనేవారు. మీ అమ్మగారికి తప్పక గుర్తుంటుంది, చిన్నప్పుడు పిల్లలకు కడుపు శుభ్రం కావాలని కరిగించి తాగించేవారు.

ఇప్పుడు మీ అల్లుడి దగ్గరకు రండి. సల్ఫేట్ బాగా ఎక్కువున్న నీళ్లు, ముఖ్యంగా మెగ్నీషియంతో కలిసినవి, అలవాటు లేని కడుపును కదిలిస్తాయి. ఊళ్లో ఉన్నవాళ్లకు కొన్నాళ్లకు అలవాటైపోతుంది, కొత్తగా వచ్చినవాళ్లకే ఇబ్బంది. అల్లుడికి వెళ్లినప్పుడల్లా ఇదే జరుగుతోంది, మీ నాన్నగారికి ఏమీ కావడం లేదు. ఈ రెండూ సల్ఫేట్ కథకు సరిపోతున్నాయి. అయితే బోరు గట్టు పగిలి, పక్కనున్న మరుగుదొడ్డి గుంట నీళ్లు దిగినా సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఇందులో ఏదో తేల్చడానికి అల్లుడి మీద ప్రయోగాలు చేయనక్కర్లేదు. సల్ఫేట్ పరీక్ష చవక, సూక్ష్మజీవుల పరీక్షా చవకే. సల్ఫేట్‌కు మన ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 400 (ఇకపై అంకెలన్నీ ఈ కొలతలోనే). కడుపు కదలాలంటే సాధారణంగా వెయ్యి దాటాలి. మీ 860 మొత్తంలో అంత సల్ఫేట్ ఇమడదు కాబట్టి, నిజం చెప్పాలంటే నా ఓటు మరుగుదొడ్డి గుంట వైపే కాస్త ఎక్కువ. కానీ ఆ 860 ఏ నెలలో చూసింది? వానల తర్వాత చూసినదైతే మే నెలలో లెక్క మారిపోవచ్చు.

సల్ఫేట్ గురించి ఇంతసేపు చెప్పడానికి మరో కారణం ఉంది. ఆమ్లం చచ్చినా సల్ఫేట్ చావదు, రాతికి అంటుకోదు, నీళ్లతో పాటే ప్రయాణం చేస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల బోర్ల కంటే మీ బోరులో సల్ఫేట్ చాలా ఎక్కువ కనపడితే, గని వైపు నుంచి నీళ్లు మీ బోరు దాకా వస్తున్నాయని అనుమానించాలి. తక్కువుంటే గని నీళ్ల చేయి మీ బోరు మీద పెద్దగా లేదనుకోవచ్చు. దొంగ దొరక్కపోయినా అడుగుల జాడ దొరికినట్టు.

మరి సీసం సంగతి? డోలమైట్ వల్ల కార్బొనేట్ ఎక్కువున్న, పులుపు లేని నీళ్లలో సీసం కరిగి ఉండటానికి ఇష్టపడదు. తెల్లని పొడిగా మారి రాతికో మట్టికో అతుక్కుంటుంది. రెండు మైళ్లు భూమి లోపల కరిగి ప్రయాణించడం దానికి అంత తేలిక కాదు. అందుకే, పరీక్ష చేయకుండా పందెం కాయమంటే, మీ బోరులో సీసం హద్దు లోపే ఉంటుందని కాస్తాను. అలాగని పరీక్ష మానేయమని కాదు. గట్టి రాతి నేలలో నీళ్లు పగుళ్ల వెంట నడుస్తాయి. మీ పగులు ఎక్కడికి పోయిందో పైనుంచి తెలియదు. పక్కింటి బోరు రిపోర్టు కూడా మీకు పనికిరాదు. పైగా గని నడిచినన్నాళ్లూ లోపలి నీళ్లు మోటార్లతో తోడేస్తుంటారు. మూసేశాక ఆ ఖాళీ అంతా మెల్లగా నీళ్లతో నిండుతుంది. అన్నేళ్లూ గోడల మీద పేరుకున్న ఉప్పులు ఒక్కసారిగా కరుగుతాయి. గని మూతపడితే నీళ్లు బాగుపడతాయని అందరూ అనుకుంటారు గానీ, మొదటి కొన్నేళ్లు వ్యవహారం తలకిందులుగా ఉంటుంది.

నాకు భయమల్లా నీళ్ల కంటే మట్టి మీద. మూడేళ్ల బాబు అన్నారు చూశారా, అక్కడ నా పెన్ను ఆగింది.

సీసపు గనిలో రాయిని పిండి చేసి, ఖనిజం తీసుకుని, మిగిలిన మెత్తని మట్టిని దిబ్బలుగా పోస్తారు. అందులో సీసం పూర్తిగా పోదు. ఆఫ్రికాలో జాంబియా దేశంలో కాబ్వే అనే ఊరుంది. 1902 నుంచి 1994 దాకా అక్కడ సీసపు గని నడిచింది. మూతపడి మూడు దశాబ్దాలైనా అక్కడి పిల్లల రక్తంలో సీసం ఇప్పటికీ ప్రమాదకరంగా ఉంది. దానికి ప్రధాన కారణం తాగే నీళ్లు కాదు, పెరట్లో మట్టి, ఇంట్లో దుమ్ము. పిల్లలు నేల మీద పాకుతారు, ఆ చేతులు నోట్లో పెట్టుకుంటారు. కాబ్వే అంత పెద్ద గని మీ వైపు లేదు, పోల్చి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. దారి మాత్రం అదే. కాబట్టి నాన్నగారిని ఒక్క మాట అడగండి: ఇల్లు కట్టినప్పుడు గానీ, పెరడు మెరక చేసినప్పుడు గానీ, గచ్చు వేసినప్పుడు గానీ గని దిబ్బ నుంచి ట్రాక్టరుతో మట్టి తోలించారా? ఉచితంగా దొరికే సన్నని ఇసుకలాంటి మట్టిని ఎవరు వద్దనుకుంటారు! తోలించి ఉంటే నీళ్ల కంటే ముందు ఆ మట్టిని పరీక్షకు పంపండి, బాబును ఆ పెరట్లో ఆడుకోనివ్వకండి. తోలించకపోతే సగం బరువు దిగినట్టే. అప్పుడు కూడా చెప్పులు గుమ్మం బయట వదలడం, ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవడం, అన్నం ముందు సబ్బుతో చేతులు కడగడం చాలు. దిబ్బల వైపు మేతకు వెళ్లొచ్చిన గేదెల గిట్టల మట్టి కూడా ఇంట్లోకి వస్తుందని మరవకండి.

ఇప్పుడు మీరు అడగని రెండు విషయాలు. ఫ్లోరైడ్, నైట్రేట్. గని పేరు చెప్పగానే అందరూ సీసం అంటారు, కానీ పల్నాడు పడమటి మెట్ట ఊళ్లలో బోరు తవ్విన ప్రతివాళ్లూ ముందు చూడాల్సింది ఫ్లోరైడ్. దీనికి గనితో పని లేదు, గ్రానైట్ రాయి తనంతట తానే ఇస్తుంది. 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఎముకలు బిగుసుకుపోయిన రైతులను డాక్టర్లు చూసి, ఇది నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లేనని రాశారు. తర్వాత అవి ప్రకాశం జిల్లాలోకి వెళ్లాయి, మీ వినుకొండకు పొరుగే. ప్రమాణం 1.0, ఎట్టి పరిస్థితిలోనూ 1.5 దాటకూడదు.

ఇందులో ఒక వింత ఉంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దింపేస్తుంది. కాల్షియం తక్కువై, సోడాలా మెత్తగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. అంటే గిన్నెకు సున్నం పట్టించి, కందిపప్పు ఉడకనివ్వక, సబ్బు నురగ రానివ్వక అందరిచేత తిట్లు తినే నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువుండొచ్చు. పప్పు చిటికెలో ఉడికిపోయి, అన్నం లేత పసుపు తిరిగి, "ఎంత తియ్యగా ఉన్నాయో" అని మెచ్చుకునే నీళ్లే అనుమానించాల్సినవి. మీ అమ్మగారిని అడగండి, బోరు నీళ్లలో పప్పు ఎలా ఉడుకుతుందో. ఇది ల్యాబు పరీక్షకు బదులు కాదు, ఊరికే ఒక సైగ. ఇంకో సైగ కూడా ఉంది: అదే వీధిలో పుట్టి పెరిగి, అవే బోరు నీళ్లు తాగిన పది పన్నెండేళ్ల పిల్లలను నవ్వమనండి. ముందు పళ్ల మీద సుద్ద రాసినట్టు తెల్ల మచ్చలు, గోధుమ రంగు గీతలు కనపడితే ఫ్లోరైడ్ వచ్చి చాలా కాలమైందని అర్థం.

నైట్రేట్ గురించి క్లుప్తంగా. మిరప, పత్తి చేలకు వేసే యూరియా, ఇళ్ల పక్కన మరుగుదొడ్ల గుంటలు, పేడ దిబ్బలు, ఈ మూడూ ఉన్నచోట ఇది ఉంటుంది. హద్దు 45, సడలింపు లేదు. డబ్బా పాలు తాగే పసిపిల్లలకు ఇది మరీ చెడ్డది. అమ్మాయికి పుట్టబోయే బిడ్డ కోసం ఇప్పుడే తెలుసుకుని ఉండటం మంచిది.

నాన్నగారి మాటకు వస్తాను. నలభై ఏళ్లుగా తాగుతున్నాం అంటున్నారు. ఆయనతో వాదించకండి, పెద్దవారిని ఈ వయసులో ఓడించి మనం బావుకునేదేముంది? మెల్లగా రెండు ప్రశ్నలు అడగండి చాలు. నలభై ఏళ్ల కింద తాగింది ఈ బోరేనా, చేదబావా? బోరు ఎప్పుడు వేయించారు, మధ్యలో ఎన్నిసార్లు లోతు పెంచారు? లోతు పెరిగిన ప్రతిసారీ వేరే రాయి, వేరే పగులు, వేరే నీళ్లు. ఆయన నలభై ఏళ్లుగా ఒకే ఇంట్లో తాగారు, ఒకే నీళ్లు తాగలేదు. రెండోది ఇంకా ముఖ్యం. పెద్దవాళ్లు మింగిన సీసంలో పదోవంతు ఒంటికి పడుతుంది, చిన్నపిల్లలకు దాదాపు సగం పడుతుంది. ఐరన్, కాల్షియం తక్కువున్న పిల్లలకు ఇంకా ఎక్కువ. తల్లి ఎముకల్లో దాగిన సీసం కూడా కడుపుతో ఉన్నప్పుడు కదిలి బిడ్డకు చేరుతుంది. అందువల్ల నాన్నగారు దిట్టంగా ఉన్నారని మునిమనవడికి హామీ ఇవ్వలేం.

పరీక్ష ఎలా చేయించాలో ఇప్పుడు చెప్తాను, ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో ఫ్లోరైడ్, నైట్రేట్, సల్ఫేట్, గట్టిదనం, క్లోరైడ్, సూక్ష్మజీవులు చూస్తారు, ఖర్చు పెద్దగా ఉండదు. పంచాయతీల్లో రంగు మార్చి చూసే కిట్లు కూడా ఉంటాయి, ఫ్లోరైడ్‌కు పర్వాలేదు, సీసానికి వాటి మీద ఆధారపడకండి. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, మాంగనీస్ లాంటివి చూడాలంటే పెద్ద యంత్రం కావాలి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల పనితనం చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబు చూసుకుని, ఆ గుర్తింపు నీళ్లలో సీసం పరీక్షకు కూడా ఉందా అని అడగండి. కొన్నింటికి గుర్తింపు వేరే పరీక్షలకే ఉంటుంది.

సీసా మాత్రం ల్యాబువాళ్ల దగ్గరే తీసుకోండి. నేను విజయవాడలో నీళ్ల ల్యాబులో ఇరవై ఏడేళ్లు పని చేశాను. కూల్‌డ్రింక్ సీసాలో, ఊరగాయ జాడీలో, ఒకసారైతే పురుగుమందు డబ్బాలో కూడా శాంపిళ్లు తెచ్చారు. శుభ్రంగా కడిగిన సీసాలో తెచ్చినా లోహాల విషయంలో ఒక తిరకాసుంది. నీళ్లలోని సీసం కొన్ని గంటల్లోనే సీసా గోడకు అంటుకుపోతుంది. ల్యాబులో నీళ్లు పోసి చూస్తే ఏమీ ఉండదు, సీసం సీసాలోనే మిగిలిపోతుంది. అందుకే లోహాల సీసాలో ముందే కాస్త నైట్రిక్ ఆమ్లం వేసి ఇస్తారు. దాన్ని కడగకండి, వొంపేయకండి, చేతికి తగలనివ్వకండి, నేరుగా నింపి మూత బిగించండి. సూక్ష్మజీవుల సీసా వేరే. అది మూత లోపల ముట్టుకోకుండా నింపి, ఐసు పెట్టెలో పెట్టి ఆ రోజే చేర్చాలి. వినుకొండ నుంచి గుంటూరుకు పొద్దున బయల్దేరితే మధ్యాహ్నంలోపు ఇచ్చేయొచ్చు.

లోహాలకు రెండు సీసాలు నింపండి. ఒకటి తెల్లవారుజామున, వంటింటి కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్లు. రెండోది బోరు మోటరు పది పదిహేను నిమిషాలు నడిచాక బోరు దగ్గరే పట్టిన నీళ్లు. మొదటిదాంట్లో సీసం ఉండి రెండోదాంట్లో లేకపోతే దోషం గనిది కాదు, మీ ఇంటి పైపులది, ఇత్తడి కుళాయిలది. పాత పీవీసీ పైపుల తయారీలో సీసం వాడేవారు. దాన్ని తగ్గించమని కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది, అంతకు ముందు వేసిన పైపులు మన ఇళ్లలో కొల్లలు. అలాంటప్పుడు ఇరవై రెండు వేలతో పని లేదు, పైపు మారిస్తే సరి.

రిపోర్టు చదవడం మరో విద్య. సీసం ఎదురుగా అంకె లేకుండా "బీడీఎల్" అని ఉంటుంది, అంటే మా యంత్రం పట్టగలిగినంత లేదు అని. ఇక్కడ నేనే ఒకసారి బోల్తా పడ్డాను. మా బంధువుల ఊరి నీళ్లకు ఒక ప్రైవేటు ల్యాబు అలాంటి రిపోర్టిస్తే, హాయిగా తాగండి అని పదిమందికీ చెప్పేశాను. నెల తర్వాత రెండో పేజీ తిప్పితే వాళ్ల యంత్రం పట్టగలిగే కనీసపు కొలత 0.1 అని చిన్న అక్షరాల్లో ఉంది. హద్దు 0.01 అయితే 0.1 లోపు ఏదీ కనపడని యంత్రంతో చూసి ఏం లాభం? ల్యాబులో జీవితం గడిపినవాడిని, సిగ్గుతో తల దించుకుని మళ్లీ శాంపిల్ పంపించాను. అదృష్టం, రెండోసారి నిజంగానే లేదు. కాబట్టి డబ్బు కట్టే ముందే అడగండి, సీసానికి మీ కనీసపు కొలత ఎంత అని. అది 0.01 కంటే బాగా తక్కువుండాలి. తడబడితే ఇంకో ల్యాబు చూసుకోండి. వీలైతే ఇప్పుడొకసారి, వానలయ్యాక అక్టోబరులో ఒకసారి చేయించండి.

రిపోర్టు వచ్చేదాకా ఏం తాగాలి? ఆ పంచాయతీ నీళ్లు ఎక్కడివో ముందు కనుక్కోండి. సాగర్ కాలువ నీళ్లో, కృష్ణ నుంచి పైపులో వచ్చేవో అయితే తాగడానికి, వంటకు అవే వాడమనండి. అవీ ఊరి బోరువే అయితే వాటికీ పరీక్ష చేయించాల్సిందే. బ్లీచింగ్ వాసన పోవడానికి వెడల్పాటి గిన్నెలో పోసి, పలుచని బట్ట కప్పి రాత్రంతా ఉంచితే పొద్దుటికి చాలా వరకు తగ్గుతుంది. గ్లాసు ముంచకుండా పొడవాటి కాడ గరిటెతో తీసుకోవాలి. నాన్నగారికి ఈ నీళ్లు ఎక్కడివో చెప్పకుండా ఒకరోజు ఇచ్చి చూడండి, మీ అమ్మగారితో కుమ్మక్కై! స్నానానికి, బట్టలకు, గిన్నెలకు బోరు నీళ్లే వాడుకోవచ్చు, సీసం చర్మంలోంచి దిగదు.

మరిగిస్తే పోతుంది కదా అని చాలామంది అంటారు. సూక్ష్మజీవులు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్, సీసం మాత్రం చిక్కబడతాయి, నీళ్లు ఆవిరై అవి మిగులుతాయి కాబట్టి. చిల్లగింజ అరగదీసి వేస్తే బురద తేరుతుంది, కరిగిన ఉప్పు పోదు. రాగి బిందె కూడా ఈ పనికి రాదు.

మెషిను ఇప్పుడు కొనకండి. ఆర్వో చెడ్డదని కాదు, సీసం, ఫ్లోరైడ్, నైట్రేట్, సల్ఫేట్ నాలుగింటినీ బాగా తగ్గిస్తుంది. రిపోర్టులో వీటిలో ఏదైనా హద్దు దాటితే అప్పుడు ఆర్వోనే కొనమంటాను. రోగం సూక్ష్మజీవులే అయితే బోరు గట్టు బాగు చేయించి, క్లోరిన్ వేస్తే సరిపోతుంది. కొనాల్సి వస్తే ఒక్క జాగ్రత్త. చాలా మెషిన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న తిప్పుడు ఉంటుంది (టీడీఎస్ అంటే మీ మీటరు చూపించే లవణాల మొత్తమే). నీళ్లు మరీ చప్పగా ఉన్నాయని, లోపలి శుద్ధి జల్లెడ గుండా పోని నీళ్లను కొంత పక్క దారిన తెచ్చి శుద్ధి నీళ్లలో కలుపుతుంది. రుచి వస్తుంది, దాంతో పాటు వద్దనుకున్నదీ వస్తుంది. లోహమో ఫ్లోరైడో ఉన్న నీళ్లకు దాన్ని పూర్తిగా మూయించండి. బిగించిన వారం తర్వాత శుద్ధి నీళ్లను మళ్లీ పరీక్షకు పంపండి. ఆ రోజు డ్రాయరులోంచి మీ మీటరు తీయొచ్చు, మెంబ్రేన్ అనే ఆ జల్లెడ పాడవుతోందా అని నెలనెలా చూసుకోవడానికి అది భేషుగ్గా పనికొస్తుంది.

అమ్మాయిని పంపొద్దంటారా అన్నారు. రిపోర్టులు రావడానికి వారం పది రోజులు పడుతుంది, అందాకా ఆపండి. పెరట్లో గని మట్టి లేదని తేలి, తాగే నీళ్లు మంచివని తెలిస్తే నిక్షేపంగా పంపండి, తాతయ్య దగ్గర ఉండటం కంటే కావలసిందేముంది. పెరట్లో ఆ మట్టి ఉంటే మాత్రం నీళ్ల రిపోర్టు ఎంత బాగున్నా ఈ వేసవికి తాతయ్యే బ్రాడీపేట రావడం మంచిది. అప్పుడు బాబుకు రక్తంలో సీసం పరీక్ష ఒకటి చేయించమని పిల్లల డాక్టరును అడగండి. అది ఎక్కువ వస్తే వెంటనే గనిని తిట్టకండి. ఆంజనేయస్వామి గుడి సింధూరం, రంగు కోసం కల్తీ చేసిన విడి పసుపు, పాత పెయింట్ పెచ్చులు, ఇంటి పక్క బ్యాటరీ షాపు, వీటిలోనూ సీసం ఉంటుంది, ఇవి గుంటూరులోనూ ఉన్నాయి. అమ్మానాన్నలను ఊరి నుంచి పెకలించి తేవాల్సినంత విషయం మాత్రం మీ ఉత్తరంలో నాకు కనపడలేదు.

రిపోర్టులు వచ్చాక నాకు పంపండి. రెండో పేజీ కూడా ఫొటో తీయడం మర్చిపోవద్దు.